గురవమ్మ వయసు

ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల మొదలయ్యే చోట ఒక చెంచుగూడెం ఉంది. అందులో హనుమంతు ఇంట్లో గురవమ్మ అనే పేరు రెండుసార్లు పెట్టారు. మొదటి గురవమ్మ ఎనభై రెండులో పుట్టి, రెండేళ్లు నిండకుండానే చలిజ్వరంతో పోయింది. ఎనభై అయిదులో మళ్లీ ఆడపిల్ల పుడితే తల్లి ఈదమ్మకు పేరు వెతుక్కునే పని పడలేదు. పోయిన బిడ్డ తోవ తెలుసుకుని అదే కడుపుకు తిరిగి వస్తుందని ఆ గూడెంలో నమ్మకం. పాత పేరుతోనే పిలవాలి, లేకపోతే అలిగి వెళ్లిపోతుంది.

బియ్యం కార్డులో గురవమ్మ పేరు, పుట్టిన ఏడు అప్పటికే రాసి ఉన్నాయి. ఉన్న పేరు కొట్టేయించి మళ్లీ అదే పేరు రాయించే తిక్కవాడు ఎక్కడైనా ఉంటాడా? హనుమంతు కూడా ఆ పని చేయలేదు. బడిలో పంతులు ఆ కార్డు చూసే రాసుకున్నాడు. ఆరేళ్ల పిల్లకు తొమ్మిదేళ్లు పడ్డాయి. "తొమ్మిదేండ్లకు ఇంత పొట్టిగా ఉందేందప్పా?" అని అడిగి, అడవిలో తిండి అంతంతమాత్రమే కదా అని తనకు తనే జవాబు చెప్పుకున్నాడు. మూడేళ్లు ఎక్కువ పడితే ఎవరికి నష్టం? పింఛనుకైతే లాభం కూడా. కొంప మునిగేది ఒక్క ఆటల్లోనే. ఆ సంగతి చెప్పేవాళ్లు ఆ గూడెంలో ఎవరున్నారు!

తొంభై ఎనిమిదిలో నంద్యాల వ్యాయామ మాస్టారు దావీదు ఆళ్లగడ్డ హాస్టల్ పిల్లల కబడ్డీ చూడటానికి వచ్చాడు. ఆ హాస్టల్లోనే ఉండి చదివే గురవమ్మ ఒక పిల్ల కాలు పట్టుకుంది. ఈల ఊదాక కూడా వదల్లేదు. తేనెపట్టు కోసం కొండచరియలు దిగే తాళ్లను చిన్నప్పటి నుంచి పేనిన చేతులవి. దావీదు ఆమెను నంద్యాల తీసుకుపోయి, వరి ఊక పోసి పైన టార్పాలిన్ బిగించిన పరుపు మీద కుస్తీ నేర్పాడు. రెండేళ్లలో రాష్ట్రంలో ఆమెను పడగొట్టే పిల్ల లేకుండా పోయింది.

రెండు వేల ఒకటిలో జూనియర్ జట్టుతో తాష్కెంట్ పంపారు. కాగితం మీద ఆమెకు పందొమ్మిది. ఎదురు నిలబడిన పిల్లకూ పందొమ్మిదే, కాకపోతే నిజంగా. తూకం ఇద్దరిదీ ఒకటే గానీ ఎముక ఒకటి కాదు. నిమిషన్నరలో గురవమ్మ భుజాలు రెండూ పరుపుకు అంటుకున్నాయి.

తిరిగొచ్చాక నంద్యాల బస్టాండులో టీ తాగుతూ, "సార్, నాకు పదారేండ్లేనంట. నాయన చెప్తాండె" అంది, అదేదో సిగ్గుపడాల్సిన విషయమైనట్టు.

దావీదు గ్లాసు కింద పెట్టేశాడు. "ఇంతకాలం చెప్పవేందే? వచ్చే ఏడు పదిహేడేండ్ల దాకా ఉండేవాళ్ల ఆసియా పోటీలుండాయి. దాంట్లో నిన్ను పట్టేది ఎవరు?"

మిగిలింది ఆ ఒక్క ఏడే. అది దాటితే నిజం వయసు కూడా అక్కరకు రాదు. ఢిల్లీలో ఎంపికకు నెల ముందు గురవమ్మ, తల్లిదండ్రులు, దావీదు కలిసి మండలాఫీసుకు వెళ్లారు. గుమాస్తా గురుస్వామి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి ఒకడు దొరికేవాడు. కార్డులో ఉన్న ఏడు పెద్దపిల్లదని, ఆ పిల్ల చనిపోయిందని తల్లిదండ్రులిద్దరూ రాసిచ్చి, గూడెం పెద్దలు సాక్ష్యం చెబితే, వారంలో సంతకం పెట్టిస్తానన్నాడు. తనే కాగితం రాశాడు. హనుమంతు వేలిముద్ర వేశాడు. ఈదమ్మ బొటనవేలికి కూడా సిరా రాశారు.

"ఏమని రాసినావప్పా?" అంది ఈదమ్మ.

"మీ కూతురు గురవమ్మ సచ్చిపోయిందని."

ఈదమ్మ తలతిప్పి పక్కన నిలబడిన కూతురిని చూసింది. "ఈడనే ఉంది గదా."

"ఈ పిల్ల గాదమ్మా, పెద్దపిల్ల."

"పెద్దదే ఇది. పోయి మళ్లా వచ్చింది. సచ్చిందని నా ఏలితో నేనే ఒత్తితే మళ్లా పోతాది. నేనెయ్య."

"ఉత్త కాగితమే!" అన్నాడు హనుమంతు.

"నీకు కాగితం. నాకు బిడ్డ."

దావీదు రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, పాప బతుకు బాగుపడతాది."

"బతుకు బాగుపడేదానికి సావు రాయాల్నా సార్?"

గురవమ్మ తల్లి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు విడిపించుకున్న మనిషి ఇంతవరకు లేదు. కాగితం జానెడు దూరంలో ఉంది. ఒక్కసారి కిందికి అదిమితే అయిపోతుంది, అమ్మ నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. కానీ చేతిలో ఆ ఎముక వణుకుతోంది. ఎదుటి మనిషి వణుకు పరుపు మీద ఎన్నోసార్లు తెలిసింది, అప్పుడు ఇంకా గట్టిగా బిగించేది. ఇది అలాంటి భయం కాదు. అమ్మ తన కోసం భయపడుతోంది. గురవమ్మకు పట్టరాని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చెయ్యి వదిలేసింది. ఈదమ్మ సిరా వేలిని కొంగుకు తుడుచుకుంది.

ఆ ఏడు పదిహేడేళ్ల దాకా ఉన్నవాళ్ల పోటీల్లో పతకం తెచ్చిన పిల్ల, శిక్షణ శిబిరంలో గురవమ్మ చేతిలో మూడుసార్లు చిత్తయిన పిల్లే. గురవమ్మ మళ్లీ పెద్దవాళ్లతోనే కుస్తీ పట్టింది. దేశం కాని దేశాల్లో మొత్తం నాలుగు పోటీలు, ఒక్క గెలుపు. తిరిగొచ్చిన ప్రతిసారీ ఈదమ్మ ఆమెను తల నుంచి పాదాల దాకా తడిమి, "ఉండావా మే?" అని అడిగేది. గెలిచావా అని ఒక్కసారీ అడగలేదు. రెండు వేల ఆరులో మోకాలు జారింది. నిజానికి ఇరవై ఒకటే, కాగితం ఇరవై నాలుగు చూపించింది. ఈ వయసులో ఇంక ఎందుకని శిబిరం వాళ్లు పిలవడం మానేశారు. ఆళ్లగడ్డ హాస్టల్లోనే వంటమనిషిగా చేరింది. సాయంత్రాలు పిల్లలకు కాళ్లపట్టు నేర్పేది.

రెండు వేల తొమ్మిదిలో ఈదమ్మ నంద్యాల ఆసుపత్రిలో కామెర్లతో పోయింది. ఆమె చావుకు కాగితం మూడు రోజుల్లో వచ్చింది, ఎవరి వేలిముద్రా అక్కర్లేకుండానే. ఆమె పేరున ఉన్న ఎకరా పట్టా మారాలంటే వారసుల సర్టిఫికెట్ కావాలన్నారు. గురవమ్మ అదే మండలాఫీసుకు వెళ్లింది. గురుస్వామికి జుట్టు నెరిసింది గానీ జ్ఞాపకం నెరవలేదు. కుర్చీ చూపించి, ఫారం తీసి రాయడం మొదలుపెట్టాడు.

"మీ అమ్మకు సంతానం ఎంతమంది?"

గురుస్వామి కళ్లజోడు తీసి, గొంతు తగ్గించి, "ఇద్దరు గదమ్మా? ఒకరు పోయినారని రాస్తా. ఇప్పుడు వద్దనేవాళ్లు లేరు. అట్లన్నా కాగితంలో నీ వయసు సరైతాది" అన్నాడు.

అదే బల్ల, అదే సిరా డబ్బా. గురవమ్మ తన కుడిచేతి వేళ్ల వైపు చూసుకుంది.

"ఒక్కతే సార్" అంది. "పెద్దదే."