పుష్‌రాడ్ కొలత కుదిరేదాకా

డెబ్బైల మొదట్లో చోడవరం పక్కన మా చెరుకు గానుగ ఆయిలింజిను మీద ఆడేది. ఆ ఏడు బెల్లం వంట మంచి జోరుమీదుండగా ఇంజిను నీరసించి నల్లపొగ కక్కడం మొదలెట్టింది. విప్పి చూస్తే కామ్‌షాఫ్టు మీద వాల్వుల్ని ఎత్తే గుబ్బలు అరిగి చదునైపోయేయి. విశాఖలో పాత ఇనుము కొట్టునుంచి సానపట్టిన కామ్‌షాఫ్టు తెచ్చి నేనే వేసేను. ఇంజిను తిరిగింది గానీ ఒకటే టకటకమని చప్పుడు, బలం లేదు. సానపట్టడంలో కామ్‌షాఫ్టు సన్నబడింది. దానిమీద నిలబడి వాల్వు దాకా తోసే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు, పొట్టివైపోయేయి. పైనున్న మర ఎంత బిగించినా సందు పూడలేదు.

అప్పటికే బుచ్చయ్యపేట వైపు రైతులు నరికిన చెరుకు బళ్లమీద తెచ్చి దించేసేరు. ఎండిపోతే రసం ఉండదు. మా బావ విశాఖలో ఫిట్టరు. ఉన్నపళంగా రమ్మని బస్సు డ్రైవరు చేత కబురంపేను. మర్నాడు తొలి బస్సుకే సంచీలో పనిముట్లతో దిగేడు.

"అక్కెలా ఉంది బావా?" అనడిగేను. అక్కకి నెలలు నిండేయి. మా ఇంట్లో అమ్మ లేదు, ఆడదిక్కు లేక కాన్పుకి తీసుకురాలేకపోయేను.

"బాగానే ఉంది. ముందు ఇంజిను సూపించు."

పాత కడ్డీలకి చివర చిన్న ముక్క అతికించేద్దామన్నాను. బావ ఒప్పుకోలేదు. "ఎంత ముక్క? అది తెలియాల గదా. పొట్టిదైతే వాల్వు పూర్తిగా తెరుసుకోదు. పొడుగైతే మూసుకోదు, కాలిపోద్ది."

ఒక పాత కడ్డీని మధ్యకి కోసి, కోసిన చివర్లకి మరలు చెక్కి, నడుమ బోల్టు పెట్టి, తిప్పితే పొడుగయ్యేలా చేసేడు. వాల్వు తలమీద దీపం మసి రాసేడు. నేను పెద్దచక్రం చేత్తో తిప్పేను. వాల్వుని నొక్కే రాకరు రాసుకున్న చోట మసి చెరిగి గీత పడింది, కానీ అంచు దగ్గర. "మధ్యలో పడాల," అంటూ బోల్టు కాస్త తిప్పి మళ్లీ మసి రాసేడు.

మధ్యాహ్నం విశాఖ బస్సు హారను వినబడింది. బావ స్పానరు పట్టుకునే లేచి రోడ్డువైపు చూసేడు.

"ఈ పూటుండిపో బావా. రేపెల్దువు గాని," అన్నాను.

బస్సు మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ కూచున్నాడు.

పొద్దు వాలేసరికి గీత మధ్యకొచ్చింది. రెండో వాల్వుకీ అదే కొలత పెట్టేద్దామంటే వినలేదు. విడిగా కొలిస్తే కొంచెం తేడా వచ్చింది కూడా. ఆ కొలతలు పట్టుకుని నేను ఆ రాత్రే అనకాపల్లి పోయి లేతు మీద కొత్త కడ్డీలు చేయించి తెచ్చేను. మర్నాడు పొద్దున్నే బావ బిగించేడు. ఇంజిను హాయిగా ఆడింది. రసం పెనంలో పడుతుంటే గంతులెయ్యాలనిపించింది. తొలి వంట దిగగానే ఓ కుండలో బెల్లం పోయించి, అక్కకిద్దామని నేనూ బావతో బస్సెక్కేను.

వాళ్లింటికి తాళం. పక్కింటావిడ గుమ్మంలోంచే కేకేసింది.

"ఏటి బాబూ, ఇప్పుడా రావడం? నిన్న మజ్జానమే నొప్పులొచ్చేయి. నానే రిక్షాలో ఆసుపత్రికి తీసికెళ్లేను. ఆడగుంట పుట్టింది. తల్లికే, నెత్తురు శానా పోయింది."

బావ ఒకటే పరుగు. వెనక నేను, కుండతో. "నీకు ముందే తెలుసా బావా?" అన్నాను, ఆయాసపడుతూ.

"నడుం నొప్పంటానే ఉంది. నానెళ్లనన్నాను. మీ అక్కే పంపింది."

వార్డులో అక్క మొహం పాలిపోయి ఉంది. నన్ను చూసి లేవబోయింది.

"ఇంజిను ఆడిందేట్రా?"

పక్కన గుడ్డల్లో పాప నిద్రపోతోంది. బెల్లం కుండని కాలితో మంచం కిందికి తోసేసేను.

"నానే పంపేన్రా. అంతమంది సెరుకు ఎండిపోతే వోళ్లకేటి సెప్తావు?" అంది. తిట్టి ఉంటే బాగుండును.

ఇద్దరూ దక్కేరు. అక్క కోలుకోడానికి మాత్రం చాలా నెలలు పట్టింది. చెరుకు అయిపోయి గానుగ కట్టేసిన వెంటనే తల్లినీ పిల్లనీ చోడవరం తెచ్చుకున్నాను. పథ్యం వంట నేనే చేసేవాణ్ణి. అన్నం మాడినా అక్క మాటాడకుండా తినేసేది. గోడ పట్టుకుని నడుస్తుంటే చెయ్యందించేవాణ్ణి గానీ, మొహంలోకి చూసేవాణ్ణి కాదు. ఓరోజు ఆ చెయ్యి విదిలించుకుంది.

"ఒరే, నువ్వలాగుంటే నానే ఏదో తప్పు సేసినట్టుంటందిరా."

ఆవిడ కోసం నవ్వేను. పాప ఏడుస్తోందని చెప్పి, ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయేను. పాప ఏడవడం లేదు.