అవ్వ చేతి నుంచి రాని కబురు

మా చిన్నప్పుడు... జొన్నరొట్టె కాలుతుంటే అవ్వ, అంటే మా అమ్మ, పెంక మీద అరచెయ్యి ఆనించి తిప్పేది. ఉలిక్కిపడేది కాదు. బొబ్బ లేచినా కళ్లతో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు...

సుల్తానాబాద్ దగ్గరి మా ఊరు దానికేం పేరు పెట్టిందో తెలుసా? మహిమ!

"నీ చేతుల పోచమ్మ ఉన్నదే అక్కా... జర మా పోరని నెత్తి మీద వెట్టు" అంటూ పక్కింటి రాజవ్వ రోజూ వచ్చేది. బోనాలనాడు పెద్దమనుషులు అవ్వతో నిప్పుల చట్టిని ఉత్త చేతులతో మోయించారు. ఊరంతా ఆమె కాళ్ల మీద పడింది. నేనూ మురిసిపోయాను... దాచుకోను.

తర్వాత కరీంనగర్ నుంచి జీపులో డాక్టరు వచ్చాడు. బడి అరుగు మీద అవ్వను కూర్చోబెట్టి, "కండ్లు మూసుకో అవ్వా, తాకినప్పుడల్లా చెప్పు" అని కోడి ఈకతో అరచెయ్యి నిమిరాడు.

అవ్వ పలకలేదు. సూది గుచ్చాడు.

"ఇంకెప్పుడు తాకుతవు సారూ?" అని నవ్వింది. ఆమె వేలి మీద నెత్తురు చుక్క నాకు కనబడుతోంది...

డాక్టరు నావైపు తిరిగాడు. "తోలు కింద సన్నటి నరాలుంటయి బిడ్డా. ఏది తాకినా, ఏది కాలినా ఆ కబురును వెన్నులకెళ్లి మెదడుకు మోస్తయి. మీ అవ్వ చేతిల అవి చెడిపోయినయి. నిప్పు కాలుస్తనే ఉన్నది... కబురే పోతలేదు. ఇది పెద్దరోగం, కుష్ఠు. గోలీలు మింగాలె. ఇల్లు ఇడిచే పని లేదు."

ఊరు ఆ ఆఖరి మాట వినలేదు. రాజవ్వ కొడుకు నెత్తిని బూడిదతో రుద్ది రుద్ది కడిగింది. వారం తిరగకముందే అవ్వకు వాగు అవతల గుడిసె వేశారు. అడుగుతున్నాను... నిప్పు మోయించిన పెద్దమనుషుల్లో ఒక్కడి చేతికైనా బొబ్బ ఉందా?

బడిలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ముట్టుకునే ఆటలో నేను ఎప్పుడూ దొరకలేదు... నన్ను ముట్టేవాళ్లుంటే కదా!

అవ్వకు సద్ది వాగొడ్డు బండ మీద పెట్టి తిరిగి రమ్మనేవాడు బాపు. ఒకరోజు ఆగలేక వాగు దాటాను. గుడిసె ముందు కూర్చున్న అవ్వ చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఎటో చూస్తూనే ఉంది. "అవ్వా..." అన్నాక తిరిగి చూసింది. నా చెయ్యి తీసి చెంపకు ఆనించుకుంది.

"ఈడ వెట్టు బిడ్డా... ఈడ ఇంకా ఎరుకైతది."

గోలీలతో రోగం పోయింది. నరాలు తిరిగి రాలేదు. ఊరూ రమ్మనలేదు. అవ్వ అక్కడే పోయింది...

ఇప్పుడా వాగు మీద వంతెన ఉంది. మందు ఊరూరా దొరుకుతుంది. పాతరోజులు బంగారమని రాసేవాళ్లతో నా పేచీ అందుకే. రొట్టె తిప్పుతుంటే వేలు కాలితే మాత్రం ఊదుకోను... కాసేపు అట్లాగే ఉంటాను. కబురు అందుతోంది కదా అని.

మీ ఊరి వాగవతల ఎవరుండేవారు? ఒక్కరి పేరైనా రాయండి. ముందు నేనే రాస్తాను... మా అవ్వ, లచ్చవ్వ.