ఒకే గిన్నెలో కెంపు, నీలం

వన్ టౌన్‌లో పుట్టి, బేరాల్లో పేరు తెచ్చుకుని, ఒక రాయిని వదిలేసి దాని తోబుట్టువునే ఎదురు డబ్బిచ్చి కొనుక్కున్న మొనగాణ్ణి విజయవాడలో నేనొక్కణ్ణే. ఈ ఉదయం మా అమ్మాయి తను పనిచేసే ల్యాబ్ నుంచి రంగురాళ్ల పళ్లెం ఫొటో పంపితే ఆ సాయంత్రం గుర్తొచ్చింది.

మా బాబాయిది రంగురాళ్ల కొట్టు. నీలం కొనేవాళ్లని ముందు మూడు రోజులు దిండు కింద పెట్టుకుని చూడమనేవాడు, పడకపోతే వాపసు. నేనూ ఒకటి తెచ్చి పెట్టుకుంటే, రెండో రోజే స్కూటరు పంక్చరైంది. పటమట నుంచి బెంజి సర్కిల్ దాకా తోసుకొచ్చి, శని పట్టిందని తేల్చేశాను. నీలం ఇచ్చేసి, పైన ఎనిమిది వేలు కట్టి కెంపుటుంగరం తెచ్చుకున్నాను. గంటసేపు బేరమాడి రెండు వేలు తగ్గించానని వీధంతా చెప్పుకున్నాను కూడా.

కొన్నేళ్లకి మా అమ్మాయి జియాలజీ చదువుతానంది. బీకాం చేసి మన అల్యూమినియం సామాన్ల కొట్లో కూర్చోమన్నాను. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. రేపు ఫీజుకి ఆఖరు రోజనగా, ఆ సాయంత్రం నన్ను బాబాయి కొట్టుకి లాక్కెళ్లి, రాళ్లన్నీ రంగుని బట్టి కాక లోపలి పదార్థాన్ని బట్టి సర్దడం మొదలుపెట్టింది. వజ్రం ఉత్త కార్బనని విడిగా పెట్టింది. ముత్యాన్నీ పగడాన్నీ ఒక గిన్నెలో వేసి, రెండూ సున్నపురాయికి చుట్టాలేనంది. బాబాయి నమ్మక, విరిగిన పగడం ముక్క మీద నిమ్మరసం పిండాడు. బుస్సుమని నురగొచ్చింది! ముగ్గురం తలలు ఆనించి చూశాం.

తర్వాత నా వేలి ఉంగరం లాగి, కనకపుష్యరాగం, నీలం ఉన్న గిన్నెలో పడేసింది. కెంపు సూర్యుడిది, నీలం శనిది; ఆ పడని తండ్రీకొడుకులిద్దరూ ఒకే గిన్నెలో!

"ఎరుపుకీ నీలానికీ పొత్తేంటే?" అన్నాను.

"మూడూ అల్యూమినియం ఆక్సైడే నాన్నా. ఎరుపులో చిటికెడు క్రోమియం, నీలంలో కాస్త ఇనుమూ టైటానియమూ, అంతే. మన కొట్లో సామాన్లలో ఉండే లోహమే."

నేను ఉంగరాన్నీ నీలాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నలభై ఏళ్లుగా రంగు చూసి డబ్బాలు సర్దానురా. దీన్ని తీసుకెళ్లి కొట్లో కూర్చోబెడతావా?" అన్నాడు. ఆపైన తనే లోపలి సొరుగులన్నీ మోసుకొచ్చి ఆమె ముందు బోర్లించాడు.

మర్నాడు ఫీజు క్యూలో అందరికంటే ముందున్నాను. అలవాటు కొద్దీ ఎంతకిస్తారని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

మొత్తం ఖర్చు దాచకుండా చెబుతున్నాను: పంక్చరుకి నలభై, రాయి మార్పిడికి ఎనిమిది వేలు, ఫీజు పూర్తిగా. అవన్నీ ఎప్పుడో తిరిగొచ్చాయి. మా అమ్మాయి నోరు విప్పని ఆ రెండు నెలలు మాత్రం ఏ బేరానికీ వెనక్కి రాలేదు.