ఎగిరే మనిషికి తీసిన తరుగు

కరోనా తగ్గిన రెండో ఏడు, మాఘమాసం. కంకిపాడు అవతల చెరుకు తోటల మధ్య నేల చదును చేసి, ఒక క్లబ్బువాళ్లు చిన్న విమానంలో జనాన్ని ఎక్కించి తిప్పేవారు. ఎక్కబోయే మనుషుల్ని తూచే పని నాది. మా ఆయన రైసుమిల్లులో కాటా మనిషి. ఆయన పోయాక అదే కాటా దగ్గర పదిహేడేళ్లు నిలబడ్డాను. అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు నాకు కొట్టిన పిండి. ఆ పేరు వినే క్లబ్బువాళ్లు పిలిచారు.

విమానానికి తూకమేమిటని అందరూ అడుగుతారు. మాది మైక్రోలైట్, అంటే ఇద్దరే కూర్చునే తేలిక విమానం. మొత్తం కలిపి నాలుగు వందల యాభై కిలోలు దాటితే చట్టం దాన్ని మైక్రోలైట్ అనదు, ఎగరనివ్వదు. మాది ఖాళీగా రెండు వందల అరవై ఐదు. ఆ రోజు పెట్రోలు ఇరవై రెండు. పైలట్ రఘురామ్ గారు డెబ్బై నాలుగు. అవి పోగా పక్క మనిషికి మిగిలేది ఎనభై తొమ్మిది. ఈ లెక్కంతా రాసే కాగితాన్ని లోడ్ షీట్ అంటారు. పైలట్ అది చూసి సంతకం పెట్టాకే ఇంజను తిరుగుతుంది.

పదకొండు గంటలవేళ భవానీపురం నుంచి బట్టల వ్యాపారి వెంకట్రావు గారు భార్యతో వచ్చారు. ఆయనకి ఆ రోజుతో అరవై నిండాయి. కృష్ణానదిని పైనుంచి చూడాలని కోరిక.

"పొద్దున రెండో పెసరట్టు వద్దంటే విన్నారా? ఇప్పుడు దించేస్తారు చూడండి," అంది ఆవిడ.

"నువ్వూరుకో సుభద్రా. ఎంతొచ్చానండీ, కోటమ్మ గారూ?"

కాటా తొంభై ఒకటి చూపించింది. నేను ఎనభై తొమ్మిది రాశాను.

"ఎనభై తొమ్మిదండీ. సరిగ్గా సరిపోయారు."

ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. రఘురామ్ గారు షీట్ చూసి సంతకం పెట్టారు.

ఆకు కదలని ఎండ. విమానం పరుగు తీసింది. రోజూ లేచే చోట లేవలేదు. ఇంకా పరుగు తీసింది. చివర కాలువ గట్టు, గట్టు మీద వరసగా తాడిచెట్లు. సుభద్ర గారు నా చెయ్యి పట్టుకుంది. గాజులు నా మణికట్టులో దిగాయి. గట్టు ముందర చక్రాలు నేల వదిలాయి. రెండు చెట్ల సందులోంచి అది అవతలికి పోయింది. చప్పుడు వినబడుతోంది, విమానం కనబడలేదు. కాసేపటికి నది వైపు చుక్కలా తేలింది.

వెంకట్రావు గారు నవ్వుతూ దిగారు. పైలట్ మొహంలో మాత్రం నెత్తురు లేదు. వాళ్ల కారు వెళ్లిపోయేదాకా ఆగి నా దగ్గరికొచ్చారు.

"ఆయన్ని సరిగ్గానే తూచారా అమ్మా?"

"తూచానండీ. తొంభై ఒకటి వచ్చారు. బట్టలకీ చెప్పులకీ రెండు కిలోలు తరుగు తీశాను. మిల్లులో గోనెసంచికి తీసినట్టే."

"నాక్కూడా తీశారా?"

"అందరికీ తీశానండీ. ఒకరికి తీసి ఒకరికి తీయకపోతే న్యాయం కాదు కదా."

ఆయన తన చొక్కా పట్టి చూపించారు.

"మరి నా బట్టలు కింద వదిలేసి, నేనొక్కణ్ణే పైకి వెళ్లానా అమ్మా?"

ఇద్దరికీ తీసిన తరుగు షీట్ మీద మళ్లీ కలిపాను. నాలుగు వందల యాభై నాలుగు. కలపడం నాకు ఒకరు నేర్పాలా?

"ఆ నాలుగు కిలోల వల్లే లేవలేదని చెప్పలేను. గాలి లేదు, ఎండగా ఉంది. వాటి వల్ల కాదనీ చెప్పలేను. కానీ సంతకం పెట్టింది నేను," అన్నారు.

అంతకు ముందు ఇరవై రోజులు నేను రాసిన ప్రతి షీట్ తప్పే. దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన దాచలేదు. జరిగింది జరిగినట్టు క్లబ్బు పెద్దలకు రాసిచ్చారు. కొన్నాళ్లు విమానం తిప్పడం ఆపేశారు. నన్ను పంపేస్తారనుకున్నాను. మళ్లీ మొదలైన రోజు ఆయనే ముందుగా బూట్లతో, బెల్టుతో, జేబులో ఫోనుతో కాటా ఎక్కారు.

"కాటా ఎంత చెబితే అంత రాయండమ్మా. అంతే మీ పని," అన్నారు.

డెబ్బై ఆరు రాశాను.

మిల్లులో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. రెండు కిలోలు తీయమన్నారు, తీశాను. గోనెసంచి కిలో కూడా తూగదని నాకు తెలుసు. ఆ పైన తీసిన ధాన్యం రైతు ఇంట్లో తగ్గింది. అక్కడ ఏ చక్రమూ నేల మీద ఆగిపోలేదు కాబట్టి తప్పని తోచలేదు. బస్తా కాటా మీద పెట్టాక రైతులు సంచి వంక చూసేవారు కాదు, నా మొహం వంక చూసేవారు. పదిహేడేళ్లు వాళ్లు ఆ చూపుతో నన్నేమడిగారో ఆ రోజు తెలిసింది.