వాన మిషన్‌కు తలస్నానం

నడి ఎండాకాలంలో, మబ్బు తునక కూడా లేని ఆకాశం కింద, మా ఊరి మీద రోజూ కుండపోత వాన కురిపించిన దాన్ని నేను. నమ్మరు కదా? నాలుగైదు దేశాలవాళ్ళు నమ్మారు. నమ్మి ఊరుకుంటే బాగుండేది, మా ఊరికొచ్చే ట్యాంకర్ ఆగిపోయేదాకా తెచ్చారు. తప్పంతా నాదేనంటారు. అయితే అయిందేమో! కానీ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. ఎందుకో మీరే విని చెప్పండి.

మాది బయ్యారం దగ్గర పల్లె. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, వానను కొలిచే మిషన్ పెడతామంటూ హైదరాబాద్ నుంచి ఒక మేడం, కిరణ్ అనే టెక్నీషియన్ అన్న వచ్చారు. చెట్ల నీడ, మేకల బెడద లేని వాకిలి ఊరు మొత్తానికి మాదొక్కటే. మిషన్ అంటే పెద్ద వింతేమీ కాదు. నడుమెత్తు స్తంభం, దాని మీద తెల్ల డబ్బా, డబ్బా పైన గరాటు. గరాటులో పడ్డ నీళ్ళను అదే కొలుచుకుంటుంది, లోపలున్న సిమ్ కార్డుతో లెక్క అదే పంపించుకుంటుంది.

"యాడికి పంపుతదన్నా?" అని అడిగాను.

"హైదరాబాద్‌కు. ఆడికెల్లి జర్మనీ, జపాన్, ఇంకా శాన దేశాలకు పోతది. వాన చదువులోళ్ళు, దోమల చదువులోళ్ళు, అడవి చదువులోళ్ళు అందరు గదే లెక్క చూస్కుంటరు. దాపరికం లేదు చెల్లే, ఎవ్వలన్న చూడొచ్చు."

"మరి నేను జూడొచ్చునా?"

"నువ్వేం జూస్తవ్, అన్ని గీతలే ఉంటయ్. నీ పని ఒక్కటే. దుమ్ము పడకుంట సాఫ్‌గ ఉంచు."

సాఫ్‌గా ఉంచమన్నాడు. ఎట్లా ఉంచాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఇది మీరు గమనించాలి.

మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా లక్ష్మి వచ్చిందంటుంది. కుట్టుమిషన్‌కు బొట్టు, బాపు బండికి బొట్టు, ఆఖరికి మిక్సీకి కూడా బొట్టు. "ఇంటికొచ్చినదాన్ని పాసి మొకంతోటి ఉంచుతవానే? పొద్దుగాల్నే తానం బోసి పసుపు బెట్టు" అంది.

నేనసలే ఒప్పుకున్న పనికి ప్రాణం పెట్టే రకం. రోజూ తెల్లవారగానే వాకిలి చల్లి, ముగ్గు వేసి, చెంబెడు నీళ్ళు మిషన్ నెత్తిన పోసి, చంటిపిల్లకు తలంటినట్టు రుద్ది, పసుపు కుంకుమ పెట్టేదాన్ని. నాకేం తెలుసు? ఆ బెత్తెడు గరాటులో ఎంత పడితే ఊరంతా అంత పడినట్టు లెక్కట! అంటే నా చెంబొక్కటి చెరువులు అలుగు పారే వానన్నమాట.

ఎండలు ముదిరాయి. బోర్లు ఎండిపోయాయి. మంచినీళ్ళ ట్యాంకరే దిక్కనుకుంటే అదీ ఉన్నట్టుండి బంద్ అయింది. మా వాడకట్టులో గట్టి నోరు ఎల్లమ్మత్తది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని మా వాకిట్లోనే నిలబడి, ట్యాంకర్లు పంపే సారుకు ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టింది.

"సారూ, మా ఊరి ట్యాంకర్ ఏమాయె?"

"మీకెందుకమ్మా ట్యాంకర్? మీ ఊర్ల దినాం వాన పడుతున్నట్టు కంప్యూటర్ల జూపిస్తున్నది గద."

"వానా? చెమట దప్ప మా మీద ఇంకో సుక్క పడలే సారూ!"

"నాతోని పంచాది బెట్టుకోకు. బయటి దేశాల సైంటిస్టులు గూడ గదే లెక్క చూస్తున్నరు. వాళ్ళకన్న నీకు ఎక్కువ తెలుసా?"

నాకు కోపం నషాళానికి అంటింది. మా వాకిట్లో ఉంటూ, నా చేతి స్నానం చేస్తూ, ఈ మిషన్ మా ఊరి మీదే చాడీలు చెబుతుందా! అప్పటికప్పుడు మేడంకు ఫోన్ చేశాను. "మేడం, మీ మిషన్‌కు పిచ్చి లేసింది. మా నోట్ల మన్ను గొట్టింది. వచ్చి తీస్కపోండ్రి!"

మర్నాడు పొద్దున్నే మేడం, కిరణ్ అన్న దిగారు. మేడం చెబితే తెలిసింది, మా ఊరి వాన మీద అన్ని దేశాల్లోనూ పెద్ద చర్చే నడుస్తోందని. జర్మనీ సారేమో ఇదంతా కొండగాలి మహిమ అన్నాడట. జపాన్ దోమల మేడంకు, ఇంత వాన పడినా దోమలు ఎందుకు పెరగలేదా అని బెంగట. అడవి చదువు సారు, మా చెట్లు ఆ నీళ్ళన్నీ ఎక్కడ దాచుకుంటున్నాయా అని తల పట్టుకున్నాడట. ఒకరి లెక్కలు ఒకరికి పంచుకున్నారు, ఒకరి అనుమానాలు ఒకరికి చెప్పుకున్నారు. వాకిట్లో ఉన్న పిల్లకు ఒక్క ఫోన్ కొడితే వాళ్ళ సొమ్మేం పోయేదండీ? "అమ్మాయీ, వాన పడుతోందా?" అంతే కదా అడగాల్సింది!

మిషన్‌ను వీడియోలో చూపించమని వాళ్ళంతా అడిగారట. కిరణ్ అన్న నులకమంచం మీద ల్యాప్‌టాప్ పెట్టాడు. తెర మీద తలో పక్క తలో మొహం వెలిగింది. ఎల్లమ్మత్తతో సహా వాడకట్టు ఆడవాళ్ళంతా మా గోడ మీద మూగారు. తీరా చూస్తే, మేడం వాళ్ళకు చాయ్ పెట్టే హడావిడిలో మిషన్‌కు ఆ పూట స్నానమే కాలేదు. ఇన్ని దేశాలవాళ్ళు చూడబోతుంటే పాసి మొహంతోనా? మా ఇంటి పరువేం కావాలి? గబగబా నీళ్ళు తెచ్చి, నిండు చెంబు దాని నెత్తిన గుమ్మరించాను.

"రెయిన్! రెయిన్!" అంటూ ల్యాప్‌టాప్‌లో జర్మనీ సారు కుర్చీలోంచి లేచాడు. ఆయన దగ్గర గీత తాటిచెట్టంత లేచిందట.

మేడం ఆకాశం వైపు చూసింది. కిరణ్ అన్నా ఆకాశమే చూశాడు. ఎల్లమ్మత్త మాత్రం నన్ను చూసింది.

"ఓ స్వప్నా, ఏం జేస్తున్నవే?"

"తానం బోస్తున్న అత్తా."

"దినాం బోస్తవా?" అని నీరసంగా అడిగింది మేడం.

"దినాం బోస్త మేడం. సుక్రారం రెండు చెంబులు."

"అందుకేనా సుక్రారం సుక్రారం తుఫాను!" అని కిరణ్ అన్న మంచం మీద కూలబడ్డాడు.

"మాకెందుకు జెప్పలేదమ్మా?" అంది మేడం.

"మీరడిగిన్రా? సాఫ్‌గ ఉంచుమన్నరు, ఉంచిన. పెట్టిన కాన్నుంచి ఒక్కనాడన్న ఫోన్ జేసి ఎట్ల ఉంచుతున్నవని అడిగిన్రా?"

నేనింకా దులిపేదాన్నే, ఎల్లమ్మత్త గోడ దూకినంత పని చేసింది. "తాగనీకి సుక్క లేక మేం సస్తుంటే, డబ్బకు తలతానం బోస్తున్నవా పోరీ!" అవ్వ వైపు చూశాను. ఆమె అప్పటికే చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి జారుకుంది.

మేడం అన్ని దేశాలకూ నా చెంబు కథ వినిపించి, ఆ వానలన్నీ లెక్కలోంచి కొట్టేయించి, ట్యాంకర్ల సారుకు ఫోన్ చేసింది. సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది. వాడకట్టంతా ఒక్కటై నన్ను వరసలో అందరికంటే వెనక్కి నెట్టింది. నా వంతు వచ్చేసరికి పైపు నాలుగు చుక్కలు కక్కి, దగ్గి, ఊరుకుంది. ఖాళీ బిందెతో నిలబడ్డ నన్ను డ్రైవర్ ఎగాదిగా చూశాడు.

"నీకేం రంది చెల్లే? మీ ఇంటికాడ దినాం వాననేనట గద!"

అందుకే పసుపు కుంకుమల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశపు మిషన్ మా వాకిట్లో దిగినా, అది ఎంత పాసి మొహంతో ఏడ్చినా, నా చేత్తో చుక్క నీళ్ళు పోయను గాక పోయను. పొడిగుడ్డతో తుడుస్తాను, అంతే. బొట్టు సంగతి మాత్రం నన్నడక్కండి. అది మా అవ్వ డిపార్ట్‌మెంట్.