నేను విడదీసిన ముప్పై రెండు కవితలు

2019. అమెరికాలో మేముండే అల్ఫారెట్టా నుంచి రోజూ ఒక యూనివర్సిటీ లైబ్రరీలోని ఆర్కైవ్స్ విభాగానికి వెళ్ళేదాన్ని. రచయితల కాగితాలకు జాబితా రాసి భద్రపరచడం మా పని. మా మొదటి నియమం ‘ఒరిజినల్ ఆర్డర్’: కాగితాలు ఏ వరుసలో వస్తే ఆ వరుసలోనే ఉంచాలి.

ఆ ఏడాది హెల్గా గారి పెట్టె వచ్చింది. తూర్పు జర్మనీలో పుట్టిన కవయిత్రి; బెర్లిన్ గోడ కూలాక ఇక్కడున్న కూతురి దగ్గరికి వచ్చేశారు. ఎనభై దాటాయి, చూపు పోయింది. పెట్టెలో ఆమె చివరి పుస్తకం ఉంది. ముప్పై రెండు కవితలు, కాగితానికి ఒకటి, అడుగున తేదీ. పేజీ నంబర్లు లేవు. మేము తీసే ప్రతులే వారంలో ప్రచురణకర్తకు వెళ్ళాలి.

చర్చిలో పన్నెండేళ్ళు రిజిస్టర్ రాసిన చెయ్యి నాది. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు అన్నీ తేదీ ప్రకారమే. ఈ తేదీలు కలగాపులగంగా కనిపించేసరికి నియమం మరిచి సర్దేశాను: గోడ ఉన్నప్పటివి ఒక ఫోల్డర్, కూలాక రాసినవి ఇంకొకటి. ఆమెకు ఫోన్ చేసి గర్వంగా చెప్పాను కూడా.

ఆమె అన్నారు: “సారా, పాత దేశంలో రాసిన కవిత పక్కన కొత్త దేశంలో రాసిన జవాబు. అలా అల్లాను. నువ్వు మళ్ళీ మధ్యలో గోడ కట్టావు.”

“వరుస మీకు గుర్తుందా అండీ?”

“లేదు. నంబర్లు వేస్తే, సోదాకు వచ్చిన పోలీసులకు ఏ పేజీ దాచానో తెలిసిపోయేది. ఆ అలవాటు పోలేదు.”

కవితలు జర్మన్‌లో ఉన్నాయి, నాకు ఆ భాష రాదు. మావారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

“చర్చ్ రిజిస్టర్ అనుకున్నావా తల్లీ?” అని నవ్వి, “టెన్షన్ పడకు. ప్రే చేసి మళ్ళీ చెక్ చేయి” అన్నారు.

బల్ల దగ్గరే తల వంచాను. ప్రభువా, ఆమె శ్రమ నా వల్ల పాడు కానివ్వకు.

తర్వాత ఒక్కో కాగితం తిరగేశాను. కుడి మూలన గోధుమరంగు మరక. ఎప్పుడో పెట్టెలోకి నీరు కారింది. ఒకదాని మీద అరచేయంత, ఇంకోదాని మీద గోరంత. తడి పై కాగితం నుంచి కింది కాగితానికి దిగుతూ తగ్గింది! పెద్ద మరక నుంచి చిన్నదాకా పేర్చి తేదీలు చూశాను. పాతది, కొత్తది, పాతది, కొత్తది. కుర్చీలో కూలబడి ఏడ్చేశాను.

నేను పంపిన ప్రతులు కూతురి చేత చదివించుకుని హెల్గా గారు ఫోన్ చేశారు. “ఇదే వరుస. ఆ నీళ్ళు మా బేస్‌మెంట్ పైపువి. ప్లంబర్‌ని ఎంత తిట్టానో! ఇప్పుడు థాంక్స్ చెప్పాలి.”

“నేను దేవునికి చెప్పానండీ.”

“నీ వంతు నువ్వు కానివ్వు. ప్లంబర్ సంగతి నేను చూసుకుంటా.”

ఇప్పుడు ఏ పెట్టె తెరిచినా ముందు ఫోటో తీస్తాను, తర్వాతే ముట్టుకుంటాను. కీర్తనల గ్రంథాన్ని చిన్నప్పుడే కంఠస్థం చేశాను. అందులో ఏడుపు పక్కనే స్తోత్రం ఉంటుంది. ఆ కీర్తనలు విడి కాగితాలుగా నా చేతికి వచ్చి ఉంటే, వాటినీ రెండు ఫోల్డర్లు చేసేదాన్నేమో.