చిప్‌సెట్‌కు ఫ్యాను పెట్టిన రోజు

మా ఇంటి కంప్యూటర్‌ను ఉన్న స్పీడుకు మించి నడిపించాలని పది రోజులుగా తంటాలు పడుతున్నాను. మదర్‌బోర్డు మీద ఉండే చిప్‌సెట్ అనే చిప్పు వేడెక్కి, కాసేపటికే కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ఈ ఉదయం అలాగే ఆగిపోవడంతో మా ఆవిడ తన స్కూలు కోసం టైపు చేస్తున్న ప్రశ్నపత్రం సేవ్ చేసేలోపే పోయింది. ఇది మూడోసారి. నాకే కష్టమనిపించింది.

మా రేపల్లె నుంచి తెనాలి బస్సెక్కి, ఎండలో నాలుగు షాపులు తిరిగాను. చివరి షాపాయన ఒక పాడైన బోర్డు నుంచి చిన్న ఫ్యాను ఊడదీసి ఇచ్చాడు. ఇంటికొచ్చి చిప్‌సెట్ మీద బిగించాను. పెంచిన స్పీడులో కంప్యూటర్ గంటసేపు ఆగకుండా నడిచింది. మా ఆవిడను పిలిచి చూపించాను.

"ఇప్పుడు ఎంత స్పీడు పెరిగిందండి?" అంది.

"పదో వంతు."

"మరి నేను టైపు చేసేది ఎప్పటిలాగే పాత స్పీడులోనేగా?"

స్పీడు మళ్లీ మామూలుకు మార్చేసి, కుర్చీ తనకిచ్చాను. తను మొదటి ప్రశ్న నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఫ్యాను మాత్రం తీయడానికి మనసొప్పలేదు. మీరైతే తీసేసేవారా?